పొట్ట, ముక్కు, చెవి తమ్మె: ప్లాస్టిక్ సర్జరీపై పాఠకుల ప్రశ్నలు

ప్లాస్టిక్ సర్జరీ వల్ల లాభమా, నష్టమా అని ఈ నెల చాలామంది రాశారు. అందరికీ కలిపి ఒకే జవాబు చెప్పలేం. పొట్టకు వర్తించే మాట ముక్కుకు వర్తించదు. పెళ్లికి రెండు నెలలున్న అమ్మాయికి, ఏడాది ఉన్న అమ్మాయికి ఇచ్చే సలహా కూడా ఒకటి కాదు. అందుకే ఎవరి ప్రశ్నకు వారికి జవాబిస్తున్నాం.

ప్రశ్న: నా వయసు 38. ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 82 కిలోలు. ఇద్దరు పిల్లలూ సిజేరియన్‌తోనే పుట్టారు. రెండో కాన్పు తర్వాత పొట్ట జారిపోయి అలాగే ఉండిపోయింది. మాదాపూర్‌లో ఒక సెంటర్‌కు వెళ్తే లైపోసక్షన్‌తో ఒకే సిట్టింగ్‌లో 10 కిలోలు తీసేస్తామన్నారు. సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోవచ్చట. చేయించుకోవచ్చా?
– ఒక సోదరి, కూకట్‌పల్లి

ఆ మాట చెప్పిన చోట మాత్రం వద్దు. లైపోసక్షన్ బరువు తగ్గించే సర్జరీ కాదు. తిండి తగ్గించినా, నడిచినా కరగకుండా మొండికేసిన కొవ్వును అక్కడక్కడా తీసి ఒంటి ఆకారం సరిచేసే సర్జరీ.

ముందుగా లీటరు సెలైన్‌లో లిగ్నోకెయిన్ మత్తుమందు, 1 మిల్లీగ్రాము అడ్రినలిన్ కలిపి చర్మం కింద ఎక్కిస్తారు. అడ్రినలిన్ వల్ల రక్తనాళాలు ముడుచుకుని నెత్తురు తక్కువ పోతుంది. కాసేపు ఆగి, 3 నుంచి 4 మిల్లీమీటర్ల సన్నటి గొట్టంతో కొవ్వును లాగుతారు. బయటికి వచ్చేదాంట్లో కొవ్వుతో పాటు ఎక్కించిన సెలైన్ కూడా ఉంటుంది. మొత్తం 5 లీటర్లు దాటిందంటే అది పెద్ద లైపోసక్షన్ కింద లెక్క. ఆ రాత్రి ఆస్పత్రిలోనే ఉంచి పల్స్, బీపీ, మూత్రం ఎంత వస్తోందో చూసుకోవాలి. 10 కిలోల కొవ్వంటే 11 లీటర్ల పైమాటే. దాన్ని తీసి సాయంత్రం ఇంటికి పంపుతామనడం ధైర్యం కాదు, తెగింపు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. లిగ్నోకెయిన్ మోతాదు కిలో బరువుకు 35 మిల్లీగ్రాములు దాటకూడదని చాలామంది సర్జన్లు పాటించే హద్దు. పొట్ట, నడుము, తొడలు అన్నీ ఒకేసారి అన్నప్పుడు ముందు దాటిపోయేది ఈ హద్దే. కొవ్వులోకి ఎక్కించిన మందు రక్తంలో బాగా పెరిగేది సుమారు 12 గంటలకు. అంటే మీరు ఇంట్లో పడుకుని ఉండే సమయానికి. నోటి చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, మాట తడబడటం దాని మొదటి గుర్తులు. వాటిని పట్టించుకోకపోతే ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు.

ఇక మీ పొట్ట సంగతి. ఒక చిన్న పరీక్ష చేసుకోండి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, తల కొద్దిగా పైకెత్తి, బొడ్డుకు కాస్త పైన వేళ్లు అడ్డంగా పెట్టి నొక్కండి. రెండు కండరాల మధ్య రెండు వేళ్లకు మించి సందు తగిలిందంటే, కాన్పుల్లో కండరాలు విడిపోయి మళ్లీ దగ్గరకు రాలేదన్నమాట. ఆ పొట్టలో ఎంత కొవ్వు లాగినా ముందుకు పొడుచుకునే ఉంటుంది. పైగా లోపలి కొవ్వు తగ్గేసరికి పైచర్మం ఇంకా వేలాడుతుంది. పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వునైతే ఏ గొట్టమూ తాకదు, తాకకూడదు కూడా. అది తిండితో, నడకతో తగ్గాల్సిందే.

ఇలాంటి పొట్టకు సరైనది అబ్డామినోప్లాస్టీ, జనం భాషలో టమ్మీ టక్. సిజేరియన్ కోత దగ్గరే, కానీ ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా కోసి, చర్మాన్ని పక్కటెముకల వరకు లేపుతారు. విడిపోయిన కండరాలను మధ్యలో కలిపి కుడతారు. మిగిలిన చర్మాన్ని కోసేసి, బొడ్డుకు కొత్తచోట రంధ్రం చేసి బయటికి తెస్తారు. పాత సిజేరియన్ మచ్చ చాలావరకు అందులోనే పోతుంది. దాని బదులు అంతకు మూడింతల పొడవు మచ్చ వస్తుంది. చీర కుచ్చిళ్ల కింద దాగేదే అయినా ఉండటం మాత్రం జీవితాంతం ఉంటుంది. ఈ బేరం మీకు సమ్మతమేనా అన్నది మీరే తేల్చుకోవాలి.

సర్జరీ తర్వాత రెండు డ్రెయిన్ గొట్టాలు వేస్తారు. రోజు మొత్తానికి 30 మిల్లీలీటర్ల కంటే తక్కువ నీరు వచ్చేదాకా వాటిని తీయరు. తొందరపడి తీస్తే చర్మం కింద నీరు చేరి మళ్లీ మళ్లీ సిరంజితో లాగాల్సి వస్తుంది. వారం రోజులు నడుం వంచి నడవాలి. ఆరు వారాలు బిందె ఎత్తడం, పిల్లల్ని చంకనేసుకోవడం కుదరదు. బొడ్డు కింద స్పర్శ నెలల తరబడి మొద్దుబారి ఉంటుంది. పొగతాగేవారికి, షుగర్ అదుపులో లేనివారికి బొడ్డుకూ కోతకూ మధ్య చర్మం నల్లబడి చచ్చిపోయే ప్రమాదం ఎక్కువ. అక్కడికి రక్తం చేరే దారి అసలే దూరం మరి. అన్నిటికంటే పెద్ద ముప్పు కాలి సిరల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు పోవడం. అందుకే నొప్పి అన్నా సరే అదే రోజు సాయంత్రం లేపి నడిపిస్తారు.

మీ బీఎంఐ (ఎత్తును బట్టి బరువును కొలిచే లెక్క) ఇప్పుడు 33. అది 30 లోపు రావాలంటే మీ ఎత్తుకు 74 కిలోల లోపు ఉండాలి. ముందు అక్కడికి దిగి, ఆ బరువు మీద ఆరు నెలలు నిలబడి, అప్పుడు ప్లాస్టిక్ సర్జన్‌ను కలవండి. మూడో బిడ్డ ఆలోచన ఉంటే సర్జరీని ఆ తర్వాతకు వాయిదా వేయండి.

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. ముక్కు మీద గూనిలా ఎముక ఉంది, కొన లావుగా ఉంటుంది. కుడివైపు రంధ్రంలో శ్వాస సరిగా ఆడదు. పెళ్లి పది వారాల్లో ఉంది. ఫొటోలు చూసి అత్తగారివైపు వాళ్లు ముక్కు గురించి ఒక మాట అన్నారు. పెళ్లిలోపు చేయించుకుంటే బాగుంటుందని అమ్మ అంటోంది.
– మలక్‌పేట

పది వారాలు చాలవు. రైనోప్లాస్టీ, అంటే ముక్కు సర్జరీ, అయ్యాక ముక్కు మీద పట్టీ వారం ఉంటుంది. కళ్ల కింది కమిలిన నలుపు తగ్గడానికి రెండు వారాలు పడుతుంది. వాపులో ఎక్కువ భాగం రెండు మూడు నెలల్లో దిగుతుంది కానీ కొన దగ్గరి వాపు పూర్తిగా పోవడానికి ఏడాది పట్టవచ్చు. మన దగ్గర చాలామందికి ముక్కు కొన చర్మం మందం. అలాంటి చర్మంలో వాపు ఇంకా మొండిగా ఉంటుంది. ఆల్బమ్‌లో ఎప్పటికీ నిలిచిపోయేది ఆ వాచిన ముక్కే. ముక్కుపుడక ఉంటే సర్జరీకి ముందే తీసేయాలి, సర్జన్ సరేననే వరకు మళ్లీ పెట్టకూడదు. కళ్లద్దాలు కూడా నాలుగు నుంచి ఆరు వారాలు ముక్కు మీద ఆనకూడదు.

చర్మం మందమైతే లోపల మృదులాస్థిని ఎంత సన్నగా చెక్కినా బయటికి కనపడదు. దాంతో కొందరు ఇంకా ఇంకా కోయించుకుంటారు. అక్కడే నష్టం మొదలవుతుంది. ముక్కు మధ్యగోడలో పైన, ముందు భాగాన కనీసం సెంటీమీటరు వెడల్పు మృదులాస్థి మిగలాలి, లేకపోతే ముక్కు నడుం విరిగినట్టు కుంగిపోతుంది. గూనిని మరీ లోతుగా అరగదీస్తే పక్కగోడలు లోపలికి వాలి, అందం వచ్చి శ్వాస పోతుంది. ఎత్తు పెంచడానికి సిలికాన్ ముక్క పెడతామంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. ఏళ్ల తర్వాత కూడా అది చర్మాన్ని చీల్చుకుని బయటికి రావచ్చు. మధ్యగోడ నుంచో, చెవి నుంచో, పక్కటెముక నుంచో తీసిన సొంత మృదులాస్థికి ఆ భయం చాలా తక్కువ.

మీ విషయంలో అసలు సమస్య కుడివైపు శ్వాస. మధ్యగోడ వంకర ఉందేమో ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి. ఉంటే సెప్టోరైనోప్లాస్టీ పేరుతో రెండూ ఒకేసారి సరిచేయవచ్చు. గోడను ఒకసారి, ఆకారాన్ని ఇంకోసారి విడివిడిగా చేయించుకుంటే రెండోసారి వాడుకోవడానికి మృదులాస్థి మిగలదు.

కంప్యూటర్‌లో చూపించే కొత్త ముక్కు బొమ్మ మీ ఇద్దరి మధ్య మాట కలవడానికే, అది హామీ పత్రం కాదు. మళ్లీ సరిచేయించుకోవాల్సి వస్తే కనీసం ఏడాది ఆగాలి. నుదుటి చర్మాన్ని మలిచి తెగిన ముక్కును నిలబెట్టే విద్య మన దేశానికి వందల ఏళ్లుగా తెలుసు, 1794లో లండన్ పత్రిక ఒకటి దాన్ని బొమ్మతో సహా అచ్చువేసింది. అయినా ఈనాటికీ సర్జన్‌కు చెమటలు పట్టించే సర్జరీల్లో ముక్కుదే ముందు వరస. పెళ్లి కానివ్వండి. ఏడాది తర్వాత కూడా అద్దంలో ఆ గూని మిమ్మల్ని బాధపెడుతుంటే, మీకు మీరుగా వెళ్లండి. ఎవరో అన్న మాటకు వెళ్లినవాళ్లు ఫలితం బాగున్నా తృప్తిపడటం మేం తక్కువగా చూస్తాం.

ప్రశ్న: నాకు 52. ఏళ్ల తరబడి బరువైన బుట్టలు పెట్టుకోవడం వల్ల ఎడమ చెవి తమ్మె పూర్తిగా తెగింది, కుడిది సగం సాగింది. షుగర్ ఉంది, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) 8.6. మూడు నెలల్లో మా అమ్మాయి పెళ్లి. పార్లర్‌లో మందు పెట్టి అతికిస్తామంటున్నారు.
– వనస్థలిపురం

తెగిన రెండు అంచులకూ ఇప్పటికే చర్మం పట్టేసి ఉంటుంది. చర్మం, చర్మం ఎదురెదురుగా పెడితే ఎన్నాళ్లయినా అతుక్కోవు. పార్లర్లలో ఎక్కువగా వాడేది చర్మాన్ని కాల్చే యాసిడ్. అది కొలత తప్పితే తమ్మే కరిగిపోతుంది.

సర్జన్ చేసే పని చూడటానికి చిన్నదే. తమ్మెకు మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, రెండు అంచులనూ సన్నగా చెక్కి పచ్చి చేసి, ముందూ వెనకా వెంట్రుకంత దారంతో కుడతారు. చెవికి అరగంట. ఏడో రోజున కుట్లు తీస్తారు. మెలకువ అంతా తమ్మె కింది అంచు దగ్గరే ఉంది. అక్కడ తిన్నగా కుట్టేస్తే మచ్చ ముడుచుకున్నాక చిన్న నొక్కు పడుతుంది. అది పడకుండా అంచును కాస్త వంకీ తిప్పి కుడతారు. ‘ఆ అంచు ఎలా కుడతారు?’ అని అడగండి. జవాబు చెప్పలేకపోతే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి.

కొత్త రంధ్రం మూడు నెలలు ఆగి, మచ్చ మీద కాకుండా దాని పక్కన కుట్టించాలి. మచ్చకు మామూలు చర్మమంత గట్టితనం రాదు. అందుకని ఈ పెళ్లికి చెవి చుట్టూ తగిలించుకునే రకం నగలు చూసుకోండి. తర్వాతైనా బుట్టలు పెడితే మాటీలతో జడకు తగిలించి బరువు పంచాలి. వీటన్నిటికంటే ముందు హెచ్‌బీఏ1సీ 8 లోపు తెచ్చుకోండి. ఎక్కడైనా గాయం మానాక కెలాయిడ్ గడ్డలా లేచిన చరిత్ర ఉంటే అదీ చెప్పండి. కెలాయిడ్‌ను ఊరికే కోసి వదిలేస్తే సగానికి పైగా మళ్లీ లేస్తాయి. కోతతో పాటు నెలకోసారి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, క్లిప్పుతో ఒత్తిడి పెట్టడం తప్పవు.

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్లు. ఎనిమిది నెలల కిందట వేడి సాంబారు మీద పడి మెడ, ఛాతీ కాలాయి. పుండు మానింది కానీ మెడ ముందు తోలు గట్టిపడి గడ్డాన్ని కిందికి లాగుతోంది. పెద్దయ్యాక చేయిద్దామని ఇంట్లో అంటున్నారు. డబ్బు గురించీ బెంగగా ఉంది. ఇంట్లో ఇంకో బిడ్డ కూడా ఉంది.
– ఉప్పల్

ఆగకండి. కాలిన మచ్చ మెత్తబడటానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. కాబట్టి కేవలం అందం కోసమైతే ఆగమనే చెబుతాం. మెడ, కనురెప్ప, కీలు లాగేస్తున్నప్పుడు ఆ లెక్క వర్తించదు. పిల్లల్లో ఎముకలు పెరుగుతుంటాయి, మచ్చ పెరగదు. గడ్డం అలాగే బిగిసి ఉంటే కింది పెదవి తిరగబడుతుంది, చొంగ కారుతుంది, దవడ, పళ్ల వరస వంకరపోతాయి.

సర్జరీలో మచ్చను అడ్డంగా పూర్తిగా తెరిచి, మెడ వెనక్కి వాలేంత వరకు విడదీస్తారు. అప్పుడు కనిపించే ఖాళీ మచ్చకంటే చాలా పెద్దది, చూసి కంగారుపడకండి. దాన్ని తొడ నుంచి తీసిన పల్చటి చర్మంతో కప్పుతారు. ఐదో రోజు ప్రాంతంలో కట్టు విప్పి చూస్తారు. చర్మం కింద నెత్తురు చేరినా, పాప మెడ బాగా కదిపినా అక్కడక్కడా పట్టుకోదు. తొడ మీది పుండు రెండు వారాల్లో మానుతుంది. మెడ వంగి ఉండటం వల్ల మత్తు ఇచ్చేటప్పుడు గొంతులోకి గొట్టం వేయడం కష్టం. అందుకని పిల్లలకు మత్తు ఇవ్వడంలో చేయి తిరిగిన అనస్థటిస్ట్ ఉన్న పెద్దాస్పత్రి అయితేనే వెళ్లండి.

కష్టమంతా ఇంటికి వచ్చాకే. మెడకు పట్టీలాంటి స్ప్లింట్ ఆరు నెలలు, ఒత్తిడి తొడుగు స్నానానికి తప్ప రోజుకు 23 గంటలు. చర్మం అతుక్కున్నాక రోజూ మూడు నాలుగుసార్లు నూనె రాసి మర్దన చేయాలి. ఎండాకాలం పాప ఏడుస్తోందని తీసేసేవాళ్లే ఎక్కువ. అతికించిన చర్మానిది ముడుచుకునే గుణం, స్ప్లింట్ మానేసిన రెండు మూడు నెలల్లో మెడ మళ్లీ బిగుస్తుంది, అప్పుడు సర్జరీని తప్పుపడతారు. ఎదిగే వయసు కనక అన్నీ సరిగ్గా చేసినా మళ్లీ ఒకసారి అవసరం పడవచ్చు.

డబ్బు గురించి రాశారు. ఉస్మానియా, గాంధీ ఆస్పత్రుల్లో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. కాలిన గాయాల తర్వాతి సర్జరీలు ఆరోగ్యశ్రీలో ఉన్నాయి. కుటుంబానికి ఏటా ఇచ్చే హద్దును 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. కార్డులు, పాత కేస్ షీటు తీసుకుని ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను కలవండి.

ఇంట్లో ఇంకో బిడ్డ ఉందన్నారు కనక ఈ మాట కూడా. వేడిది ఏది పడినా వెంటనే కుళాయి నీటి కింద 20 నిమిషాలు పెట్టండి. ఐసు, టూత్‌పేస్టు, సిరా, పసుపు వద్దు. అవి పూస్తే గాయం ఎంత లోతో డాక్టరుకు కనపడదు.

ప్రశ్న: వయసు 22. ఛాతీ అమ్మాయిల్లా పెరిగింది. జిమ్‌కు వెళ్తే తగ్గుతుందా, సర్జరీయేనా?
– అమీర్‌పేట హాస్టల్ నుంచి

చనుమొన కింద గట్టిగా బిళ్లలా తగిలితే అది గ్రంథి, ఏ జిమ్‌కూ తగ్గదు. మెత్తగా ఉంటే కొవ్వు, బరువు తగ్గితే తగ్గుతుంది. పదహారేళ్ల పిల్లాడు రాసి ఉంటే రెండేళ్లు ఆగమనేవాళ్లం. మీ వయసులో ముందు కారణం చూడాలి. జిమ్‌లో ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, కొన్ని బీపీ మందులు, థైరాయిడ్, కాలేయ సమస్యలు, అరుదుగా వృషణంలో గడ్డ దీనికి కారణమవుతాయి. అవేవీ కాకపోతే కొవ్వు లైపోసక్షన్‌తో, గ్రంథి చనుమొన నల్లవలయం కింది అంచున చిన్న కోతతో తీస్తారు. ‘మొత్తం తీసేయండి’ అని పట్టుపట్టకండి. కింద కొంచెం ఉంచకపోతే చనుమొన గుంటలా లోపలికి దిగుతుంది, దాన్ని నింపడం తీయడం కంటే కష్టం. మొదటి రెండు రోజుల్లో ఒకవైపు హఠాత్తుగా ఉబ్బి బిగిస్తే లోపల నెత్తురు చేరినట్టే. రాత్రయినా సరే ఆస్పత్రికి వెళ్లాలి. బిగుతు వెస్ట్ నాలుగు నుంచి ఆరు వారాలు వేసుకోవాలి.

ప్రశ్న: 23 ఏళ్లకే నుదుటి మీది జుట్టు వెనక్కి పోతోంది. జుట్టు నాటే సెంటర్‌లో ఒకేసారి 4,000 గ్రాఫ్టులు (తల వెనక నుంచి తీసి నాటే వెంట్రుకల కుదుళ్లు), ఆఫర్ ధర అంటున్నారు.
– కొండాపూర్

ఇప్పుడే వద్దు. మీ బట్టతల ఎక్కడ ఆగుతుందో ఇంకా తెలియదు. తల వెనక నుంచి తీయగల గ్రాఫ్టులు చాలామందికి జీవితం మొత్తానికి 6,000 లోపే. ఈ వయసులో ముందు వరసకే 4,000 ఖర్చుపెడితే, 35 ఏళ్లకు నడినెత్తి ఖాళీ అయి ముందు ఒక కుచ్చు మిగులుతుంది. చర్మవ్యాధుల డాక్టర్ దగ్గర మందులతో ఏడాది రాలడం ఆపి చూడండి. తర్వాత చేయించుకున్నా, నాటిన వెంట్రుకలు నెలలోపు రాలి, మూడు నాలుగు నెలలకు మొలిచి, ఏడాదికి పూర్తవుతాయని తెలుసుకునే వెళ్లండి.

ప్రశ్న: పార్లర్‌లో పెదవులకు ఫిల్లర్ (నిండుగా కనిపించేలా ఎక్కించే జెల్) వేస్తున్నారు. బొటాక్స్ (ముడతలు తగ్గించే ఇంజెక్షన్) కూడా అంటున్నారు. ఇవి సర్జరీ కాదు కదా, భయమేముంది?
– దిల్‌సుఖ్‌నగర్

బొటాక్స్ మూడు నాలుగు నెలల్లో పోతుంది, తప్పయినా దాంతోనే పోతుంది. ఫిల్లర్ అలా కాదు. సూది రక్తనాళంలోకి దిగితే ఆ చర్మం తెల్లబడి, తర్వాత నల్లబడి చచ్చిపోతుంది. ముక్కు, కనుబొమల మధ్య వేసేటప్పుడు కంటి రక్తనాళం మూసుకుని చూపు పోయినవాళ్లున్నారు. హైలురోనిక్ యాసిడ్ ఫిల్లర్‌ను కరిగించే మందు హైలురోనిడేజ్. వేసేచోట అది ఫ్రిజ్‌లో సిద్ధంగా ఉందా, దాన్ని వాడటం తెలిసిన డాక్టర్ ఉన్నారా అని అడగండి. పార్లర్‌లో ఉండవు.

ప్రశ్న: ఇన్సూరెన్స్ ఇస్తుందా? డాక్టర్ నిజమైన ప్లాస్టిక్ సర్జనేనా అని ఎలా తెలుస్తుంది?
– ఈసీఐఎల్

అందం కోసం చేయించుకునేదానికి పాలసీలు ఇవ్వవు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత తిరిగి సరిచేసే సర్జరీకి ఇస్తాయి. జీఎస్టీ గీత కూడా దాదాపు అక్కడే ఉంది. పుట్టుకతో వచ్చిన లోపానికి, ఎదుగుదల లోపానికి, గాయానికి చేసే సర్జరీ మీద పన్ను లేదు. అందానికి చేసేదాని మీద, జుట్టు నాటడం మీద 18 శాతం. కాబట్టి ముక్కు వంకర, మెడ బిగింత లాంటివి ఉంటే కేస్ షీటులో రోగ నిర్ధారణ స్పష్టంగా రాయించి, సర్జరీకి ముందే ఇన్సూరెన్స్ అనుమతి తెప్పించుకోండి. అయ్యాక దిద్దించాలంటే కుదరదు.

డాక్టర్ విషయంలో, ఎంఎస్ తర్వాత మూడేళ్లు చదివిన ఎంసీహెచ్ ప్లాస్టిక్ సర్జరీ, లేదా డీఎన్‌బీ (ఇప్పటి పేరు డీఆర్‌ఎన్‌బీ) ప్లాస్టిక్ సర్జరీ ఉందేమో చూడండి. తెలంగాణ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి సరిచూసుకోండి. జుట్టు నాటడం వరకు చర్మవ్యాధుల ఎండీలు కూడా చేయవచ్చు, అయితే వాళ్లే చేయాలి, టెక్నీషియన్లకు అప్పగించి వెళ్లకూడదు.

ఖర్చు చెప్పేటప్పుడు సర్జన్ ఫీజు ఒక్కటే చెప్పేవాళ్లుంటారు. థియేటర్, అనస్థటిస్ట్, పరీక్షలు, ఇంప్లాంట్, బిగుతు తొడుగులు, పన్ను అన్నీ కలిపి కాగితం మీద రాసిమ్మనండి. రెండోసారి సరిచేయాల్సి వస్తే ఏ ఖర్చు వారిది, ఏది మీదో కూడా అందులోనే రాయించండి. రాత్రి రెండు గంటలకు నెత్తురు కారితే ఏ నంబర్‌కు చేయాలో, ఐసీయూ అదే భవనంలో ఉందో, అంబులెన్స్ ఎక్కి వెళ్లాలో అడ్వాన్స్ కట్టకముందే తెలుసుకోండి. ఈఎంఐ ఆఫర్ రేపటితో అయిపోతుందని తొందరపెట్టే కౌన్సెలర్ ఎదురైతే లేచి వచ్చేయండి.